బస్తా మోసిన ఒంటికి మైండ్‌సెట్ పాఠమా?

(మన ఒళ్లు – మన లెక్క: 7వ భాగం)

మొన్న హన్మకొండల ఒక కాలేజీ మీటింగుకు పిలిస్తే పోయిన. నాకంటే ముందు ఒక మోటివేషన్ స్పీకర్ మాట్లాడిండు. "ఫిట్‌నెస్ అంటే అంతా మైండ్‌సెట్టే. పొద్దుగాల అయిదింటికి లేవలేనోడు జీవితంల ఏం లేస్తడు?" అన్నడు. చప్పట్లే చప్పట్లు.

వెనుక వరుసల ఒక హాస్టల్ తమ్ముడు మాత్రం కొట్టలే. బయటికొచ్చినంక నన్ను అడిగిండు: "అన్నా, మా అమ్మ ఇరవై ఏండ్ల సంది నాలుగింటికే లేస్తది. రోడ్లు ఊడుస్తది. ఆమెకు సుగరుంది, మోకాళ్లు పోయినయి. మరి మా అమ్మకు మైండ్‌సెట్ లేదంటరా?"

ఆ ప్రశ్నకే ఈ పోస్టు.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలీ. మిర్చి బస్తాలు, పత్తి బస్తాలు మోసిండు. "హమాలీకి కసరత్తెందుకు, పనే కసరత్తు" అనెటోళ్లు. బాపు గూడ అదే నమ్మిండు. యాభై ఒకటో ఏట పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఊరంత ఇనుములెక్క ఉండె అన్న మనిషి, చెంచాతోని గంజి తాగిండు.

పనే కసరత్తు అన్నది పచ్చి అబద్ధం. డెన్మార్క్‌ల లక్షకు పైగా మందిని దాదాపు పదేండ్లు గమనించి 2021ల ఒక పరిశోధన అచ్చేసిండ్రు. తీరిక వేళ ఒళ్లు కదిలించెటోళ్లకు గుండెజబ్బు ముప్పు తక్కువ కనబడ్డది. బతుకుదెరువు కోసం ఒళ్లు విరుచుకునెటోళ్లకు ఎక్కువ కనబడ్డది. కారణం ఏమై ఉంటదో ఆలోచించుండ్రి. వాకింగ్ చేసెటాయన అలసిపోతే కూసుంటడు. హమాలీ కూసుంటే కూలి పోతది. పొద్దంత గుండె దడదడ కొట్టుకుంటనే ఉంటది, బరువెత్తినప్పుడల్లా బీపీ ఎగుస్తది, దిగెటందుకు సందు దొరకదు. కసరత్తుకూ చాకిరికీ తేడా అక్కడున్నది: ఎప్పుడు ఆపాల్నో ఎవడు చెప్తడు? నువ్వా, మేస్త్రీయా?

ఇంకో లెక్క. ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2018 నివేదికల రాసింది: ఈ దేశంల దళిత స్త్రీ సగటు మరణ వయసు పైకులాల స్త్రీ కంటే 14.6 ఏండ్లు తక్కువ. పద్నాలుగున్నర ఏండ్లు! అది మా అమ్మల బద్ధకమా? నీళ్లది, తిండిది, దవాఖాన దూరానిది, కులానిది ఆ లెక్క. స్పీకర్ సారూ, ఈ లెక్క మీ స్లైడుల ఎందుకు లేదు? మీ డైట్ చార్టుల పనీర్ ఉంటది, మా పెద్దకూర ఎందుకుండదు?

ఇంతవరకు చదివి లైక్ కొట్టి పోకుండ్రి. ఇప్పుడు మన ముచ్చట.

వ్యవస్థను తిట్టినంక మనం ఏం చేస్తున్నం? మీటింగుకు పది చాయలు, జేబుల గుట్కా, రాత్రి రెండింటిదాక చర్చ, ఆపైన క్వార్టరు. "ఉద్యమానికి ఒళ్లు ధారపోసిన" అని గొప్పలు. నేనూ గట్లనే బతికిన. ముప్పై ఎనిమిదో ఏట ఒక దోస్తును చూడనీకి దవాఖానకు పోయి, ఊకె బీపీ చూపిచ్చుకుంటే 170/110. "ముందు వ్యవస్థ మారాలె డాక్టరమ్మా" అన్న. ఆమె నవ్వకుంట అడిగింది: "మారేదాక నువ్వుంటవా?"

బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల దీక్ష ఇచ్చి, డిసెంబర్ 6కే పోయిండు. 65 ఏండ్లు. చాన ఏండ్ల సంది సుగరుతోని, కాళ్ల నొప్పులతోని బాధపడ్డడు. ఇంకో పదేండ్లు ఉండి ఉంటే అని మనం ప్రతి డిసెంబర్ల ఏడుస్తం. మరి మనం బతకాల్సిన పదేండ్లను చేతులార సిగరెట్టుల పెట్టి ఊదుతున్నం. ఒళ్లు పాడుచేసుకునుడు త్యాగం కాదు. శత్రువు పని మనమే చేసిపెట్టుడు.

"మైండ్‌సెట్" అనెటోళ్లు మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి ఫొటో వాడుకుంటరు. మేధో వైకల్యంతోని పుట్టిన బిడ్డ. ఊళ్లె వెక్కిరించిండ్రు, అనాథాశ్రమంల వెయ్యమన్నరు. 2024 మేల కోబెల 400 మీటర్లు 55.07 సెకండ్లల ఉరికి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. పట్టుదల ఆమెదే, ఎవ్వరూ కాదనరు. గాని కూలి చేసుకునే అమ్మానాయిన భూమి అమ్ముకున్నరు. కోచ్ నాగపురి రమేష్ గుర్తుపట్టి హైదరాబాదుకు తీస్కపోయిండు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్‌కుమార్ వెనుక సాంఘిక సంక్షేమ గురుకులం ఉన్నది, భువనగిరి గుట్ట మీద శిక్షణ ఉన్నది. మనసొక్కటే చాలదు, గ్రౌండొక్కటే చాలదు. రెండూ కలిస్తెనే ఎవరెస్టు.

అందుకే రెండు పనులు.

ఒకటి, మనం చేసేది. వారానికి కనీసం 150 నిమిషాలు జోరు నడక లాంటి కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. పది నిమిషాలతోని మొదలువెట్టుండ్రి. హాస్టల్ల పొద్దటి చాయ తాగంగనే, దినాం అదే యాళ్లకు. ఒక్కరోజు తప్పితే సిగ్గుపడొద్దు, తెల్లారి మళ్ల నడువుండ్రి. ఒంటరిగ కష్టమైతది, జంటగ పోండ్రి. గుడ్డు, పెసర్లు, జొన్నరొట్టె, పెద్దకూర – మన తిండిని చూసి మనం సిగ్గుపడుడు బంద్ చెయ్యాలె. తొక్కుల ఉప్పు తగ్గియ్యాలె. నెలకోసారి బీపీ చూపిచ్చుకోవాలె.

రెండు, మనం అడిగేది. హాస్టల్ పిల్లలకు గ్రౌండు. ఆడపిల్లలకు ఆ గ్రౌండుల సాయంత్రం సగం యాళ్ల, లైట్లతోని. హమాలీకి ట్రాలీ. సఫాయి అక్కలకు ఏటా జీతం కోయకుంట ఆరోగ్య పరీక్షలు. మొదటిది చెయ్యకుంట రెండోది అడిగితే మనకు ఊపిరి చాలదు. రెండోది అడగకుంట మొదటిదే చేస్తే, మనమూ ఆ స్పీకర్ లెక్కనే అయితం.

ఆ తమ్మునికి నా జవాబు: మీ అమ్మకు కావాల్సింది పాఠం కాదు, సెలవు. అది ఇప్పిచ్చెటందుకు నువ్వు డెబ్బై ఏండ్లు బతకాలె. రేపు పొద్దుగాల ఆరింటికి ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండుకు రా. నేనుంట.

జై భీమ్.