టేబుల్ టెన్నిస్ ఆటగాళ్ళ మోచేతి నొప్పి: ఆట మానడం వైద్యం కాదు



హైదరాబాదుకు చెందిన ఆకుల శ్రీజ 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలుచుకున్న తరువాత, 2024 పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచిన తరువాత, మా అపార్ట్‌మెంటు క్రింది అంతస్తులో మూలపడియున్న టేబులుకు మరల ప్రాణం వచ్చింది. పిల్లలతో పాటు నలభై, యాభై ఏళ్ళు దాటినవారు కూడ సాయంకాలం బ్యాట్లు పట్టుకొని దిగుతున్నారు. చూడడానికి సంతోషంగా ఉన్నది. అయితే రెండు మూడు నెలలు గడిచేసరికి వారిలో ఒకరిద్దరు మోచేయి పట్టుకొని నా వద్దకు వస్తున్నారు. టీ కప్పు ఎత్తలేకపోతున్నామని, తడిబట్ట పిండలేకపోతున్నామని, తలుపు పిడి త్రిప్పితే ప్రాణం పోతున్నదని చెపుతారు. ఆ వెంటనే రెండు ప్రశ్నలు అడుగుతారు: "ఇంజెక్షన్ చేయించుకోమంటారా? ఆట మానేయమంటారా?"

రెండింటికీ నా సమాధానం ఒక్కటే. తొందరపడి ఏ ఒక్కటీ చేయవద్దు. ఎందుకు ఇంత గట్టిగా చెపుతున్నానో తెలియాలంటే నా తప్పులు రెండు మీకు చెప్పుకోవలెను.

నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో ఒక బ్యాంకు ఉద్యోగి ఈ నొప్పితోనే ఓపీకి వచ్చారు. వయస్సు నలభై అయిదు. మధుమేహం అప్పుడే మొదలయింది. వారానికి నాలుగు రోజులు క్లబ్బులో టేబుల్ టెన్నిస్ ఆడేవారు. మోచేయి నొక్కి చూసి, మాత్రలు వ్రాసి, "ఆట మానేయండి, అదే తగ్గిపోతుంది" అని పంపించాను. నొప్పి తగ్గింది. నాలుగేళ్ళ తరువాత ఆయన మరల వచ్చినప్పుడు బరువు పెరిగి, రక్తంలో చక్కెర అదుపు తప్పి, అరికాళ్ళ తిమ్మిర్లతో ఉన్నారు. "వ్యాయామం ఏమీ చేయడం లేదా?" అని కొంచెం కోపంగానే అడిగాను. "ఉన్న ఒక్క వ్యాయామం మీరే మానమన్నారు కదా సార్" అన్నారాయన. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం ఆ రోజు ఓపీ పూర్తయ్యే వరకు మనసు మనసులో లేదు.

రెండవ తప్పు నా మోచేతి మీదనే జరిగింది. నలభై ఎనిమిదో ఏట ఒక మిత్రుడు విదేశం నుండి కార్బన్ పొర ఉన్న ఖరీదైన బ్యాటు తెచ్చి ఇచ్చాడు. రెండు నెలల్లో కుడి మోచేయి పట్టేసింది. ఎముకల వైద్యుడయిన సహోద్యోగిని నేనే అడిగి స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. వారంలో నొప్పి మాయమయింది, ఆరు వారాల్లో తిరిగి వచ్చింది. రెండవసారి చేయించుకున్నాను. ఈసారి తిరిగి వచ్చినప్పుడు కలం కూడ పట్టలేకపోయాను. ఒక సాయంకాలం ఎందుకో ఆ బ్యాటును ఆసుపత్రి మందుల గదిలోని త్రాసులో పెట్టాను. 196 గ్రాములు తూగింది. ఇంటినుండి నా పాత బ్యాటు తెప్పించి తూచాను. అది 168 గ్రాములు. నా జబ్బుకు సగం కారణం ఆ త్రాసు మీద కనిపించింది. మిగిలిన సగం నా పిడికిలిలో ఉన్నదని ఆ తరువాత గ్రహించాను.

ఈ నొప్పి ఎక్కడ పుడుతుందో చూద్దాం. భుజాస్థి క్రింది కొసన వెలుపలి వైపు ఒక బొడిపె ఉంటుంది. మణికట్టును వెనుకకు ఎత్తే కండరాలు ఆ బొడిపె వద్ద స్నాయువుగా అతుక్కొని ఉంటాయి. తట్టుకోగలిగిన దానికన్న ఎక్కువ పని, తేరుకునేందుకు తగినంత వ్యవధి లేకుండ పదే పదే పడినప్పుడు ఆ స్నాయువు పోగులు దెబ్బతిని, అస్తవ్యస్తంగా అల్లుకుంటాయి. దీనిని చాలకాలం తాపంగా, అంటే వాపుతో కూడిన వ్యాధిగా భావించాము. స్నాయువు పోగుల క్షీణతే ఇందులో ముఖ్యమని ఇప్పుడు తెలుసు. కనుకనే వాపు తగ్గించే మందులు నొప్పిని కొంత ఉపశమింపజేయగలవు గాని స్నాయువును బాగుచేయలేవు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. కుడి పిడికిలి గట్టిగా బిగించి, ఎడమ చేతితో కుడి ముంజేతి పైభాగాన్ని, మోచేతికి కొంచెం దిగువన తాకండి. అక్కడి కండరం రాయిలా గట్టిపడుతుంది. వ్రేళ్ళను ముడిచే కండరాలు ముంజేతి లోపలి వైపు ఉన్నాయి కదా, వెలుపలి కండరం ఎందుకు బిగుసుకున్నది? పిడికిలి బిగించినప్పుడు మణికట్టు ముందుకు వాలిపోకుండ దానిని నిలబెట్టే పని ఈ వెలుపలి కండరాలదే. అంటే మీరు బ్యాటు పట్టుకున్నంత సేపూ, బంతి కొట్టకపోయినా, ఆ బొడిపె దగ్గర లాగుడు ఉంటూనే ఉంటుంది.

టెన్నిస్ బంతి బరువు దాదాపు 58 గ్రాములు. టేబుల్ టెన్నిస్ బంతి 2.7 గ్రాములు మాత్రమే. ఇంత తేలికయిన బంతి తాకిడికి మోచేయి దెబ్బతినదు. మన ఆటలో హాని చేసేవి బిగించిన పిడికిలి, బరువైన బ్యాటు, ఆ బ్యాటును వేగంగా విసరి తిరిగి ఆపడం, ఆ పనినే ఒక సాయంకాలంలో వందలసార్లు చేయడం. సచిన్ తెందుల్కర్ మోచేతి నొప్పితో బాధపడి 2005లో లండన్‌లో శస్త్రచికిత్స చేయించుకున్న సంగతి మీకు గుర్తుండవచ్చును. ఆయన కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్, దెబ్బతిన్నది ఎడమ మోచేయి. ఎడమ చేయి ఆ బరువైన బ్యాటు పిడిని పైభాగాన పట్టే చేయి.

కాబట్టి చికిత్స బ్యాటుతో మొదలు కావలెను. వంటింటి డిజిటల్ త్రాసులో దానిని తూచండి. సాధారణంగా బ్యాట్లు 170 నుండి 190 గ్రాముల మధ్య ఉంటాయి. నొప్పి ఉన్నవారు 175 గ్రాములకు లోపు ఉండేట్లు చూసుకోవడం మంచిదని నా అనుభవం. బరువు ఎక్కువగా రబ్బర్ల వల్ల వస్తుంది. గట్టి స్పాంజి ఉన్న, బాగా మందమయిన రబ్బర్లు రెండు వైపులా అతికిస్తే బ్యాటు తల బరువెక్కుతుంది. ఆ బరువు పిడికి ఎంత దూరాన ఉంటే మణికట్టుకు అంత శ్రమ. ఒక వైపయినా మెత్తని, కొంచెం పలుచని రబ్బరు వేయించండి. కార్బన్ పొర ఉన్న బ్లేడుకు బదులు అయిదు పొరల చెక్క బ్లేడు వాడి చూడండి. వేగం కొంత తగ్గుతుంది, చేతికి తగిలే అదురు కూడ తగ్గుతుంది. రబ్బరు అరిగి నునుపయితే బంతికి స్పిన్ ఇవ్వడానికి మీకు తెలియకుండానే చేయి ఎక్కువగా విసురుతారు. అటువంటి రబ్బరు మార్చవలెను.

పిడి సంగతి చాలమంది పట్టించుకోరు. అరచేతికి చాలని సన్నని పిడిని గట్టిగా పిసికి పట్టవలసి వస్తుంది. పిడికి గ్రిప్ టేపు చుట్టి కొంచెం లావు చేస్తే పట్టు దానంతట అదే సడలుతుంది. మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమటకు పిడి జారుతుంది, జారకుండ మరింత బిగిస్తాము. ప్రతి ఆరు పాయింట్లకు ఒకసారి తువ్వాలుతో తుడుచుకునే వీలు ఆట నియమాలలోనే ఉన్నది. దానిని వాడుకోండి. ఒక హెచ్చరిక: బ్లేడు, రబ్బరు, పిడి అన్నీ ఒకేసారి మార్చవద్దు. ఒకటి మార్చి రెండు వారాలు ఆడితేనే దేనివల్ల మేలు కలిగిందో తెలుస్తుంది.

కొత్త బ్యాటు కొన్నంత మాత్రాన పాత అలవాటు పోదు. బ్యాటు పట్టుకునే బలాన్ని పది మెట్లుగా ఊహించుకోండి. ర్యాలీలో మూడు దగ్గర ఉండండి. బంతి తగిలే క్షణంలో పట్టు కొంచెం బిగుస్తుంది, తగిలిన వెంటనే వదిలివేయండి. పాయింటుకు, పాయింటుకు నడుమ బ్యాటును రెండవ చేతిలోకి మార్చి వ్రేళ్ళు సడలించండి. నాకు అన్నిటికన్న ఎక్కువ మేలు చేసినది ఈ చిన్న అలవాటే.

బ్యాక్‌హ్యాండ్‌లో ఎక్కువ జాగ్రత్త అవసరం. బంతి శరీరాన్ని దాటిపోతుండగా ఆలస్యంగా, మణికట్టుతో మాత్రమే దానిని లేవనెత్తేవారికి ఈ నొప్పి త్వరగా పట్టుకుంటుంది. కాళ్ళు కదిపి బంతి వెనుకకు చేరండి. మోచేతిని ఒంటికి అతికించకుండ కొంచెం ముందుకు ఉంచి, బంతిని శరీరానికి ఎదురుగా కలవండి. బలం మోకాళ్ళ నుండి, నడుము నుండి రావలెను, మణికట్టు చివరి మెరుగు మాత్రమే దిద్దవలెను. నొప్పి ఉన్న నెలల్లో మణికట్టును బాగా మెలితిప్పే బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్ మానండి. బ్లాకులు, పుష్‌లు, నెమ్మదయిన ఫోర్‌హ్యాండ్‌తో ఆడండి. బుట్టెడు బంతులతో చేసే సాధన, గంటల తరబడి సర్వీసు సాధన తగ్గించండి.

మరి ఎంత నొప్పి వరకు ఆడవచ్చును? పదింటిలో మూడుకు మించకుండ ఉండి, మరునాటి ఉదయానికి మునుపటి స్థితికి వస్తే ఆ ఆట మీ మోచేయి భరించగలిగినదే. ఉదయం నొప్పి హెచ్చితే తరువాతిసారి సమయం సగానికి తగ్గించండి. వరుసగా రెండు రోజులు ఆడవద్దు. పూర్తి విశ్రాంతిలో స్నాయువు మరింత బలహీనపడుతుంది, తిరిగి బ్యాటు పట్టిన రోజున మరల తెగబడుతుంది.

స్నాయువుకు నిజమయిన మందు క్రమంగా పెంచిన బరువు. ముంజేతిని బల్ల మీద పెట్టి, అరచేయి నేలవైపు ఉండేట్లు చేతిని అంచు వెలుపల ఉంచండి. మొదటి రెండు వారాలు మణికట్టును కదపకుండ, రెండవ చేతితో చేతి వెనుక భాగంపై అదుముతూ 30 నుండి 45 సెకన్లు నిలపండి. ఇట్లా అయిదు సార్లు చేయండి. తరువాత అర లీటరు నీళ్ళ సీసా పట్టుకొని, రెండవ చేతి సహాయంతో పైకెత్తి, నాలుగు అంకెలు లెక్కించేంత నెమ్మదిగా దించండి. పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. బరువు క్రమంగా కిలో వరకు పెంచవచ్చును. ఫలితానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. మోచేతికి రెండు వ్రేళ్ళ దిగువన కట్టే పట్టీ ఆడేటప్పుడు కొందరికి ఉపయోగపడుతుంది. వ్రేళ్ళు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువయిందని తెలుసుకోండి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా మూత్రపిండాల వ్యాధి, కడుపులో పుళ్ళు, రక్తపోటు ఉన్నవారు, వైద్యుని అడగకుండ వాడవద్దు.

ఇక ఇంజెక్షన్ మాట. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు 165 మంది రోగులపై జరిపిన అధ్యయనం వెలువడింది. ఏడాది తరువాత చూస్తే, స్టిరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో నూటికి 54 మందికి నొప్పి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 12 మందికే తిరగబెట్టింది. మొదటి వారాల్లో హాయిగా ఉండడం వల్ల మనం అది పనిచేసిందనుకుంటాము. నేనూ అట్లే అనుకొని రెండుసార్లు మోసపోయాను. ఈ జబ్బు వచ్చినవారిలో చాలమందికి ఏడాది లోపల దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆరు నెలలకు పైగా సరయిన వ్యాయామం చేసినా తగ్గని కొద్దిమందికే శస్త్రచికిత్స ఆలోచన.

అయితే మోచేతి నొప్పులన్నీ ఇవి కావు. చేయి తిమ్మిరెక్కుతున్నా, మెడ నుండి నొప్పి దిగుతున్నా, వ్రేళ్ళు ఎత్తలేకపోతున్నా, కీలు వాచినా, జ్వరం ఉన్నా, పడిన తరువాత నొప్పి మొదలయినా ఈ వ్యాసం ప్రక్కన పెట్టి వైద్యుని వద్దకు వెళ్ళండి.

నా తోటి వైద్యులకు ఒక విన్నపం. "ఆట మానండి" అనడానికి ఒక్క క్షణం చాలు. బ్యాటు ఎంత బరువు, ఎట్లా పట్టుకుంటున్నారు, వారానికి ఎన్ని గంటలు ఆడుతున్నారు అని అడగడానికి అయిదు నిమిషాలు కావలెను. మధుమేహం ఇంటింటా ఉన్న మన రాష్ట్రాలలో నలభై దాటిన మనిషి ఇష్టంగా చేసే వ్యాయామాన్ని తీసివేసే ముందు ఆ అయిదు నిమిషాలు వెచ్చించడం మన ధర్మం.

కార్బన్ బ్యాటు వదిలి, పాత బ్యాటుకు టేపు చుట్టి, మూడు నెలలు ఎడమ చేతితో అందరి చేత ఓడిపోతూ ఆడాను. ఈలోగా కుడి చేతికి వ్యాయామం చేశాను. తొమ్మిది నెలలకు పూర్తిగా కుదుటపడింది. ఇప్పుడు డెబ్బయి దాటినా వారానికి మూడు సాయంకాలాలు ఆడుతున్నాను. మీ మోచేయి నొప్పి పుడుతున్నట్లయితే ఈ రాత్రి బ్యాటును తూచండి, రేపటి ఆటలో పాయింట్ల మధ్య మీ పిడికిలి ఎట్లా ఉన్నదో గమనించండి.