అవగాహన ఎవరికి లేదు?

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగువాళ్ళ మధ్య అబొరిజినల్ ప్రజల ప్రస్తావన వస్తే నేను తరచూ వినే మాట ఒకటుంది: "ప్రభుత్వం అన్నీ ఇస్తోంది. వాళ్ళే ఆస్పత్రికి రారు. అవగాహన లేదు." అనేవాళ్ళలో డాక్టర్లూ నర్సులూ కూడా ఉంటారు. ఈ 'అవగాహన' మీదే నా పేచీ.

నయోమీ విలియమ్స్ అవగాహన లేకనా చనిపోయింది? న్యూ సౌత్ వేల్స్‌లోని ట్యూమట్ పట్టణానికి చెందిన ఈ విరాడ్జురి యువతికి ఇరవై ఏడేళ్ళు. అయిదు నెలలు నిండిన గర్భిణి. వాంతులతో, నొప్పితో నెలల తరబడి ఆస్పత్రి చుట్టూ తిరిగింది. నిపుణుల దగ్గరికి పంపాల్సిన మనిషిని మత్తు వ్యసనాల కౌన్సెలింగ్‌కి పొమ్మన్నారు. 2016 జనవరి 1న, అర్ధరాత్రి దాటాక వెళ్తే రెండు పారసెటమాల్ మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. ఆ రోజే సెప్సిస్‌తో చనిపోయింది, కడుపులో బిడ్డతో సహా. ఆమెకందిన వైద్యంలో లోపాలు కొనసాగుతూ వచ్చాయని 2019లో కరోనర్ తేల్చారు. ఆమె ఆస్పత్రికి రాలేదని ఎవరనగలరు?

రానివాళ్ళు ఎందుకు రారో కూడా చెప్పుకోవాలి. 1970ల దాకా అబొరిజినల్ తల్లుల నుంచి పిల్లల్ని ప్రభుత్వమే లాక్కుపోయింది. పురిటి మంచం మీంచి బిడ్డను ఎత్తుకుపోయిన ఆస్పత్రిని ఏ అమ్మమ్మ మర్చిపోతుంది? ఇప్పటికీ మారుమూల సమూహాల గర్భిణుల్ని కాన్పుకి వారాల ముందే దూరపు పట్నానికి తరలిస్తారు. తల్లీ అక్కచెల్లెళ్ళూ దగ్గర లేకుండా, తన భాష తెలియని మనుషుల మధ్య కనాలి. దీన్ని 'సురక్షిత ప్రసవం' అంటున్నాం. ఎవరి లెక్కలో సురక్షితం?

దారి తెలియక కాదు. 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో తామే నడుపుకునే తొలి వైద్యకేంద్రాన్ని వాళ్ళు నెలకొల్పుకున్నారు. అందులో ముందు నిలిచిన షర్లీ స్మిత్‌ని అందరూ 'మమ్ షర్ల్' అనేవారు. 1987లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో స్త్రీలు తమ ఆచారాల ప్రకారం కాన్పు చేసుకునేందుకు 'అలుకురా' వెలిసింది. ఇలాంటి సంస్థలు ఇప్పుడు దేశంలో 140కి పైగా ఉన్నాయి. స్త్రీలు అక్కడికి వస్తున్నారు. ఎవరూ వాళ్ళకి అవగాహన సదస్సులు పెట్టలేదు.

అధికారం పంచుకుంటామని 2020లో ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. ఆ హామీల్ని చాలావరకు నిలబెట్టుకోలేదని 2024లో ఆ దేశపు ప్రొడక్టివిటీ కమిషనే చెప్పింది. 2020-22 లెక్కల్లో అబొరిజినల్ స్త్రీల ఆయుర్దాయం తక్కినవాళ్ళకంటే 8 ఏళ్ళు తక్కువ.

ఇందులో మనకేం సంబంధం అనకండి. అక్కడి చిన్న పట్టణాల ఆస్పత్రులు చాలావరకు వలస వచ్చిన డాక్టర్లూ నర్సుల మీదే నడుస్తున్నాయి. వాళ్ళలో మన ఆడపిల్లలూ ఉన్నారు. పాడేరు ఏజెన్సీలో ఆదివాసీ స్త్రీ గురించి వాడిన మాటనే మూటగట్టుకుని సముద్రం దాటాం. రోడ్డు లేక డోలీలో మోసుకొచ్చిన గర్భిణిని "ఇంత ఆలస్యంగానా తెచ్చేది?" అని కసిరే గొంతూ ఇదే.

జాత్యహంకారం తెల్లవాళ్ళ జబ్బు మాత్రమేననుకోవడం మనకి సౌకర్యంగా ఉంటుంది. నేనడిగేది స్పష్టం. ఆరోగ్య బడ్జెట్టూ, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే హక్కూ అబొరిజినల్ సంస్థలకి దక్కాలి. వాళ్ళ స్త్రీలు మంత్రసానులుగా, డాక్టర్లుగా, పాలకమండలి సభ్యులుగా నిర్ణయాలు చెయ్యాలి. అంతవరకు ఆ ఆస్పత్రుల్లో పనిచేసే మనం, నొప్పి అని వచ్చిన మనిషి మాట నమ్మాలి. ఇది దయ కాదు, వైద్యంలో మొదటి పాఠం.