కడుపులోని రాచపుండు - యంత్రనేత్రము

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములయందు అన్నము సహింపనివాడును, కడుపు మండువాడును మొదట చేయు పని మందుల అంగడిలో గ్యాసు బిళ్ల కొనుట. బిళ్లతో బాధ శమించును, వ్యాధి శమింపదు. నెలలు గడచి, దేహము కృశించి, వాంతిలో నెత్తురు కనబడిన పిమ్మట నెల్లూరికో తిరుపతికో పయనమగుదురు. అప్పటికి జీర్ణాశయమందలి రాచపుండు, అనగా కాన్సరు, శస్త్రచికిత్సకు లొంగని దశకు చేరియుండుట తఱచు.

2022లో ప్రపంచమున సుమారు 9,68,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగా బయటపడెననియు, 6,60,000 మంది దీనిచే మరణించిరనియు అంతర్జాతీయ లెక్కలు చెప్పుచున్నవి. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ గార్లు కనుగొనిన హెలికోబాక్టరు పైలోరీ యను సూక్ష్మజీవి దీనికి ముఖ్యకారణము. ఆ జీవిని మందులతో నిర్మూలింపవచ్చును. పుండును సైతము తొలిదశలో కనుగొనిన నయము చేయవచ్చును. కాని తొలిదశలో నది పుండువలె నుండదు; లోపలి పొరపై కొంచెము రంగు మాఱిన మచ్చవలె నుండును. ఎండోస్కోపీ గొట్టముతో చూచు వైద్యుని కన్ను సైతము దానిని దాటిపోవుట కలదు.

ఈ లోపమును తీర్చుటకే కంప్యూటరు తోడ్పాటు. 2018లో జపాను వైద్యులు 13,584 చిత్రములతో కంప్యూటరునకు శిక్షణ నొసంగి, వేఱు 2,296 చిత్రములను చూపిరి. అది 47 సెకనులలో 77 పుండ్లలో 71 గుర్తించెను. 2021లో ప్రకటితమైన చైనా పరీక్షయందు, సాధారణ పద్ధతిలో నూటికి 27.3 వంతున తప్పిపోయిన కంతులు, యంత్రసహాయముతో 6.1 వంతుకు తగ్గెను. అయినను జపాను యంత్రము కాన్సరని చూపిన వానిలో మూడవ వంతైనను నిజముగా కాన్సరు కాదు. కావున యంత్రము సలహాదారు మాత్రమే. ముక్క తీసి పరీక్షించి తీర్పు చెప్పవలసినవాడు వైద్యుడే.

జపానులో 50 ఏండ్లు దాటినవారికిని, కొరియాలో 40 ఏండ్లు నిండినవారికిని ఈ పరీక్ష ప్రభుత్వము చేయించుచున్నది. మనదేశమున ఈ వ్యాధి అచ్చటికంటె తక్కువ గావున ఊరందఱికిని గొట్టము వేయుమని మేము కోరము. మ్రింగుట కష్టమైనవారు, నల్లని విరేచనమగువారు, కారణము లేక చిక్కిపోవువారు, వీరికి జాప్యము లేకుండ పరీక్ష దొరకవలెనని మాత్రమే కోరుచున్నాము. అనుభవజ్ఞులు తక్కువగానున్న చోటనే యంత్రనేత్రమునకు ప్రయోజన మెక్కువ.

ఈ విద్యయందు తెలుగువారు వెనుకబడినవారు కారు. హైదరాబాదున జీర్ణకోశ వైద్యసంస్థను నెలకొల్పిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ గౌరవము లభించెను. మహానగరమునకు దక్కిన విద్య మెట్టపొలము దున్నువానికి దక్కకుండుట న్యాయమా? ప్రభుత్వము పడమటి మండలముల ఆసుపత్రులకు పరికరములను, వానికంటె ముందు శిక్షితులైన వైద్యులను పంపవలెను. భూస్వాములును తమ కర్తవ్యమును గుర్తింపవలెను. పాలేరు కడుపు పట్టుకొని కూర్చున్నప్పుడు బిళ్ల కొనియిచ్చుట దయ కాదు. కూలి కోయక, బండి కట్టించి, పరీక్షకు పంపుటయే దయ.