నెమ్మదిస్తే ఎందుకని అడుగుదాం

కంప్యూటర్ నెమ్మదించిందంటే "పాతబడిపోయింది, కొత్తది కొనాలి" అనే మాట మనం తరచూ వింటుంటాం. ఆ మాటతో మేము ఏకీభవించం. నిన్నటి దాకా బాగా నడిచిన మిషను ఈరోజు నెమ్మదిస్తే తప్పు మిషనుదే కానక్కర్లేదు. మధ్యలో మారిన సాఫ్ట్‌వేర్‌ది కూడా కావచ్చు.

సమాచారాన్ని కుదించి దాచే కంప్రెషన్ లైబ్రరీలనే తీసుకుందాం. హాజరు పట్టీలో ఒకే ఊరి పేరు పదిసార్లు రాయకుండా కింద "డిటో" గుర్తు పెడతాం కదా! 1977లో లెంపెల్, జివ్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి ఇలాంటిదే. ముందు వచ్చిన మాట మళ్లీ వస్తే, ఎంత వెనక్కి వెళ్లి ఎన్ని అక్షరాలు తెచ్చుకోవాలో మాత్రమే రాస్తుంది. జిప్ ఫైళ్లకు ఇదే పునాది. ఇలాంటి లైబ్రరీ ఒక్కటి నెమ్మదిస్తే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నిటి మీదా ఆ భారం పడుతుంది.

2024 మార్చిలో జరిగిన సంగతి చూడండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నారు. అంతకుముందు సుమారు 0.3 సెకన్లు పట్టే ఎస్.ఎస్.హెచ్. లాగిన్‌కు 0.8 సెకన్లు పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని వదల్లేదు. ప్రాసెసర్ సమయం ఎక్కడ ఖర్చవుతోందో వెతికితే ఎక్స్.జెడ్. అనే కంప్రెషన్ లైబ్రరీ దగ్గర తేలింది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో, బయటివాడు సర్వర్‌లోకి దూరేందుకు ఎవరో దొడ్డిదారి పెట్టారు. రెండేళ్లకు పైగా సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి చేసిన పని అది. మార్చి 29న ఆయన ఆ విషయాన్ని బయటపెట్టారు. ఎక్కువ సర్వర్లకు చేరకముందే ఆ వెర్షన్లను తొలగించారు. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని పెద్దలు ఊరికే అనలేదు.

అయితే ప్రతి ఆలస్యం వెనకా దొంగ ఉండడు. ఫైలును ఇంకా చిన్నది చేయాలని మంచి ఉద్దేశంతో చేసిన మార్పు వల్ల కూడా వేగం తగ్గవచ్చు. ఏదైనా తేల్చాల్సింది కొలతే. అదే ఫైలు, అదే మిషను మీద పాత వెర్షన్‌ను, కొత్త వెర్షన్‌ను చాలాసార్లు నడిపి సమయం రాసుకోవాలి. రెంటి మధ్య 1000 మార్పులున్నా భయపడనక్కర్లేదు. సరిగ్గా సగం దగ్గర పరీక్షించాలి. అక్కడ వేగం బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, లేకుంటే ముందు సగంలో ఉంది. ఇలా సగం చేసుకుంటూ పోతే 10 పరీక్షల్లో దొరుకుతుంది. గిట్‌లో బైసెక్ట్ అనే ఆదేశం చేసేది ఈ పనే.

"అదంతా పెద్ద కంపెనీలు చూసుకుంటాయి, మనకెందుకు?" అని కొందరు అనవచ్చు. ఎక్స్.జెడ్.ను ఎన్నో ఏళ్లు ఒక్క మనిషే జీతం లేకుండా చూసుకున్నారు. చూసే కళ్లు తక్కువైన చోటే దొంగ దూరాడు. పైగా కొత్త మిషన్లు ఉన్నవారికి కనిపించని నెమ్మది, పాత కంప్యూటర్ దగ్గర వంతు కోసం ఎదురుచూసే మనకు ముందుగా తెలుస్తుంది. అది మన లోటు కాదు, ఈ పనికి మన అర్హత అని మా అభిప్రాయం.

కాబట్టి కంప్యూటర్ ఉన్న ప్రతి హాస్టల్లో వారానికి ఒక్క గంట ఈ పనికి కేటాయించాలని పెద్దలను కోరుతున్నాం. ఒక నోటు పుస్తకం, ఉచిత సాఫ్ట్‌వేర్, కాస్త ఓపిక ఉంటే చాలు. తమ్ముళ్లారా! మన ఇంగ్లీషు తడబడినా మనం కొలిచిన అంకెలు తడబడవు. ధైర్యంగా రాసి పంపండి.