ఊదితే వోచర్!

‘ఒట్టు తీసి గట్టు మీద పెట్టు’ బాపతు నేను. సిగరెట్ మానేశానని పొద్దున్న చెప్తాను, సాయంత్రానికి టీ కొట్టు దగ్గర దొరికిపోతాను.

అందుకే అమెరికాలోని బాల్టిమోర్ గురించి చదివి ఆగిపోయాను. అక్కడ హెరాయిన్, నొప్పి మాత్రలకు బానిసలైన గర్భిణులకు మెథడోన్ ఇచ్చి వైద్యం చేస్తారు. ఇలాంటి చికిత్సలో ఉన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా సిగరెట్ తాగుతారట. ‘పాపం, హెరాయిన్ మానడమే గగనం, ఇది కూడానా?’ అని చాలాచోట్ల వదిలేస్తారు. నేనూ అదే అనుకున్నా. కానీ పొగ వల్ల బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది.

జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు వాళ్లకి క్లాసు పీకలేదు. మెషిన్‌లోకి ఊదమన్నారు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గితే వోచర్! మొదట్లో కాస్త తగ్గినా చాలు. తర్వాత టార్గెట్ పెంచుతూ పోయారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. 12 వారాలకు దాదాపు మూడోవంతు మంది పూర్తిగా మానేశారు. తాగినా తాగకపోయినా వోచర్లు అందుకున్నవాళ్లలో ఒక్కరూ మానలేదు.

అంటే కిటుకు డబ్బొక్కటే కాదు. ‘ఈరోజు తగ్గించావ్’ అని ఈరోజే చెప్పడం. నేను రెండు తగ్గించిన రోజు మా ఇంట్లో ఎవరూ చూడలేదు. తాగిన రోజు మాత్రం అందరూ చూశారు!

నాకు హెరాయిన్ లేదు, కడుపులో బిడ్డ లేదు. అయినా మానలేకపోతున్నా. ఇక ఆ అమ్మల్ని ‘బుద్ధి లేదా?’ అని అడిగే మొహం నాకెక్కడిది?