ఈ కార్తెలో మీరేం చేశారు?

2021లో, బడి ఫోనులోనే నడుస్తున్న రోజుల్లో, మా అమ్మాయికి ‘నాకు నచ్చిన రుతువు’ అని వ్యాసం రాయమన్నారు. తన వ్యాసం తను రాసుకోక, పెన్నూ పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నీకు ఏ కాలమంటే ఇష్టం?"

"వానాకాలమైతే కాదు తల్లీ, బట్టలారవు."

"ఎండాకాలం?"

"ఆవకాయలు, వడియాలు, మిరపకాయలు... నడుం పడిపోతుంది."

"పోనీ చలికాలం?"

"తెల్లారకుండానే లేచి కళ్లాపి చల్లాలి. చేతులు కొంకర్లు పోతాయి."

అన్నీ శ్రద్ధగా రాసుకుని, "అయితే నీకు ఏ కాలమూ ఇష్టం లేదన్నమాట" అని తేల్చేసి వెళ్లిపోయింది.

నవ్వుకుని ఊరుకోవలసిన మాటే. కానీ ఊరుకోలేకపోయాను. నా కథల్లో వానను పేజీలకు పేజీలు వర్ణిస్తాను. మా వాకిట్లో కురిసే వాన మాత్రం తీగ మీది బట్టల లెక్కలోనే గుర్తొస్తుంది. మీరూ ఒకసారి ఆలోచించి చూడండి. కార్తీకమంటే తెల్లవారుజాము స్నానాలు, వనభోజనాలకి పులిహోర గిన్నెలు మోయడం. సంక్రాంతి అంటే అరిసెల పాకం కుదురుతుందో లేదోనన్న బెంగ. ఏడాదికి ఆరు రుతువులూ మన గుమ్మంలోకి పనులై వస్తాయి, పనులై వెళ్తాయి. ఆ పనులు చేయొద్దని నేననను. ఆవకాయ పెట్టకపోతే మా ఇంట్లో నన్ను ఉంచరు! కానీ ఆ కాలంలో నాకంటూ ఏం మిగిలిందని ఆ రోజు మొదటిసారి లెక్క చూసుకున్నాను. ఏమీ మిగల్లేదు.

అలా మొదలైంది ఈ ఆట. గడులు గీయడానికి పంచాంగంలోని కార్తెలు పనికొచ్చాయి. అశ్వని నుంచి రేవతి దాకా ఇరవై ఏడు నక్షత్రాలు. చంద్రుడు రోజుకొకటి చొప్పున దాటేస్తాడు కానీ, సూర్యుడు ఒక్కోదాంట్లో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. అదే కార్తె. పండగలు తిథుల ప్రకారం ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతాయి. కార్తెలు కదలవు. ఏటా ఏప్రిల్ నడిమిలో అశ్వని, మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. అందుకే రైతులు పంచాంగంలో ముందు వీటినే చూస్తారు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్నా, మఖ పుబ్బలు వరుపైతే మహా కాటకమన్నా లెక్క ఇదే. జపాను వాళ్లయితే ఏడాదిని అయిదేసి రోజుల చొప్పున డెబ్భై రెండు చిన్న కాలాలుగా విడగొట్టుకున్నారట. నాకు అంత ఓపిక లేదు. ఇరవై ఏడు చాలు.

ఒక పెద్ద కాగితం మీద ఇరవై ఏడు గడులు గీసి బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. ఆట అన్నాక నియమాలుండాలి కదా. ఒక్కో కార్తెకి ఒక్క పని. అది ఆ కార్తెలో తప్ప ఇంకెప్పుడూ కుదరనిదై ఉండాలి. ఇంట్లో ఎవరూ నన్ను చెయ్యమని ఉండకూడదు, దానివల్ల ఎవరి కడుపూ నిండనక్కర్లేదు. తప్పిపోతే వచ్చే ఏడు దాకా ఆగాలే తప్ప, తర్వాతి గడిలో సర్దుకోవడం లేదు. ఈ ఆఖరి నియమం ఎక్కడ నేర్చుకున్నానో కొంచెం ఆగి చెబుతాను.

మొదటి ఏడు పదకొండు గడులు నిండాయి. మీరు నవ్వినా సరే, అవి ఏవంటే... ఆరుద్రలో మొదటి వానలు పడ్డాక ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికొస్తాయే, వాటిలో ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది! అవి పురుగులు కావట, సాలెపురుగు చుట్టాలట. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నాను కానీ లెక్కపెట్టలేదు. చిత్త కార్తెలో సీతాఫలం ఒక్కదాన్నే, పిల్లలకి పెట్టకుండా, పెరట్లో గింజలు ఊస్తూ తిన్నాను. (ఇది రాయడానికి ఎంత సిగ్గుపడ్డానో!) శతభిషంలో మోదుగుపూలు ఏరి మరగబెట్టి ఆ రంగులో నా పాత తెల్ల చున్నీ ముంచాను. పసుపూ కాషాయమూ కాని ఒక రంగొచ్చింది. రెండు ఉతుకులకే పోయిందనుకోండి. మా వారు ఒకసారి దారిలోంచి ఫోను చేసి "ఇక్కడ మోదుగు విరగబూసింది, నీ కాగితంలో రాసుకో" అన్నారు. ఆయన చూసింది నా గడిలో ఎలా రాస్తాను?

భద్రాద్రి రామయ్య కల్యాణానికి గోటితో వడ్లు ఒలిచి తలంబ్రాలు చేసి పంపుతారు కదా, ఒక ఏడు మా వీధి ఆడవాళ్లతో కూర్చుని నేనూ ఒలిచాను. గడిలో రాయబోతుంటే అత్తయ్య పట్టుకున్నారు. "రాముడి కోసం చేసింది నీ ఆటలో ఎట్లా కలుపుతావే? దొంగాట కాదూ!" నిజమే. కొట్టేశాను.

ఇప్పపూల సంగతి మాత్రం నవ్వులాట కాదు. అడవి వైపు గూడెం నుంచి మా వీధికి గంపతో ఒక కోయ అక్క వస్తుంది. వానల్లో పుట్టగొడుగులు, బోడకాకరకాయలు, మరో కాలంలో మరోటి. రేవతి కార్తెలో ఒక తెల్లవారుజామున ఆమె వెంట ఇప్పచెట్ల కిందికి వెళ్లాను. చీకటి విడీవిడకుండా టప్ టప్ మని రాలే చప్పుడు, ఆ మత్తైన తీపి వాసన, వేలికి తగిలితే నీటి బుడగలా మెత్తగా ఉండే ఆ తెల్లటి పూలు. నేను దోసెడు ఏరి పరవశించిపోతుంటే ఆమె గంప సగం నింపేసింది. నా ఆట గురించి చెప్పాను. నడుం ఎత్తకుండానే అంది, "నీకు ఆట చెల్లీ. ఇది ఎండితే ఎంతయితది? దాంతోనే మా ఉప్పూ పప్పూ."

నోట మాట రాలేదు. నిజానికి ఆమెకి రుతువంటే నాకంటే పెద్ద పని. ఇప్పపువ్వు తర్వాత తునికాకు, ఎండలో కట్టలు కట్టడం, కల్లం దగ్గర లెక్క పెట్టించడం. కానీ తిరిగొస్తూ దారిలో ఒక మామిడిచెట్టు చూపించి ఆమే ఇంకో మాట చెప్పింది. కొత్త పండుగ చేసుకునే దాకా వాళ్లు కొత్త మామిడికాయ ముట్టరు. ఇంటి ముందే చెట్టున్నా, పిల్లలు గుటకలు మింగినా ముట్టరు. దేవతకి పెట్టాక, ఊరంతా ఒకే రోజు తింటారు. "ఆ రోజు కాయ రుచి మల్ల ఏడాదికే" అంది. బజార్లో ఏడాది పొడుగునా అన్నీ దొరికే మనకి ఆ రుచి ఎలా తెలుస్తుంది? తప్పిపోతే ఏడాది ఆగాలన్న నా నియమం ఆ రోజు పుట్టిందే.

రెండో ఏడు, అంటే 2022లో, అశ్వని నుంచి ఆరుద్ర దాకా ఆరు గడులకి ఆరూ నిండాయి. గర్వంగా ఉంది. ఏడోది పునర్వసు. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆఖరి ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అటు గోదావరి, ఇటు వెనక్కి తన్నిన కిన్నెరసాని. బూర్గంపాడులోకి నీళ్లొచ్చేశాయి. మేం ముందే సర్దుకుని పాల్వంచలో మా ఆడపడుచు ఇంటికి చేరాం. తిరిగొచ్చి చూస్తే ఇంటినిండా జానెడు ఒండ్రు. బీరువా తలుపు తెరిస్తే కాగితం ముద్దయి చేతికొచ్చింది. పిల్లల సర్టిఫికెట్లు పైకెత్తి పెట్టాం, బియ్యం పైకెత్తి పెట్టాం, దాన్నెవరు గుర్తు పెట్టుకుంటారు?

ఆ తర్వాత నాలుగు కార్తెలు నేను ఆకాశం వంక చూడలేదు. రాత్రి చినుకు పడితే లేచి కూర్చునేదాన్ని. కాలాన్ని ఆనందించమని ఎవరైనా అప్పుడు నాతో అనుంటే చెంప పగలగొట్టేదాన్నేమో. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. వరద పోసిన కార్తెలో గడి ఖాళీగా ఉండాల్సిందే, దాన్ని కూడా ముచ్చటగా నింపెయ్యాలనుకోవడం తప్పు.

హైదరాబాదులో మూడో అంతస్తులో ఉండే మా చెల్లెలు మాత్రం ఆపలేదు. ఆమెకి పెరడు లేదు, అడవి లేదు. మృగశిర అంటే చేప మందు కోసం క్యూలు కట్టే రోజనే తెలుసు. అయినా బస్‌స్టాపు దగ్గరి కానుగచెట్టు ఆకు రాల్చి లేత చిగురు వేసిన రోజున రెండు బస్సులు వదిలేసి చూసిందట. ఆఫీసుకి ఆలస్యం, అక్కడ చివాట్లు, గడి మాత్రం నిండింది.

ఆ డిసెంబరులో, మూల కార్తె వచ్చాక, అత్తయ్య ఒక రోజు కొంగులో ఏవో పోసుకొచ్చి వంటింటి గట్టు మీద పోశారు. లేత చిక్కుడుకాయలు. మేం ఒండ్రు ఎత్తి పోస్తూ ఏడుస్తున్న రోజుల్లోనే, ఆమె గోడ పక్కన మిగిలిన మట్టిలో గింజలు పెట్టారట. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులొచ్చినప్పుడూ ఇలాగే పెట్టారట. అప్పటికి ఆమె కొత్త కోడలు. "వరద మన్ను ఊరికే పోనియ్యొద్దే" అన్నారు. గోడంతా పాకిన ఆ తీగని నాలుగు నెలలుగా నేను చూసే ఉంటాను, కానీ చూడలేదు.

"నీ కాగితంలో రాసుకో" అన్నారు.

"మీరు పెట్టింది నేనెలా రాసుకుంటాను అత్తయ్యా, దొంగాట కదూ!"

కాసేపు ఆలోచించారు. "అయితే నాకో కాగితం గీసియ్యి."

అప్పటినుంచి బీరువా తలుపుకి రెండు కాగితాలు. వానలు మాత్రం మా ఇద్దరినీ ఏడిపిస్తున్నాయి. 2023లో మృగశిర పొడిగానే వెళ్లిపోయింది, తొలకరి కోసం ఆరుద్ర దాకా కళ్లు కాయలు కాచాయి. 2025లో రోళ్లు పగలాల్సిన రోహిణిలోనే వాన దంచేసింది. తొలకరి తడి మట్టి వాసన మృగశిర గడిలో రాయాలా, రోహిణిలో రాయాలా అని ఇద్దరం ఒక పూటంతా వాదించుకున్నాం. అత్తయ్య రెండింట్లోనూ రాసేశారు. కిందటి ఏడు నాకు పదిహేడు, ఆమెకి పంతొమ్మిది. అందులో రెండు దొంగాటే అని నా అనుమానం.