గృహవిజ్ఞానము: పలకంత ఎండ



గత వేసవిలో మా అమ్మాయి పురిటికై మేము మార్కాపురములోని యిల్లు తాళము వేసి, రెండు మాసములు హైదరాబాదున నుండవలసివచ్చినది. బయలుదేరునాడు, ఎందుకైనను మంచిదని మెయిన్ స్విచ్చి కట్టివేసితిమి. తిరిగివచ్చి చూతుము గదా, ఇన్వర్టరు పలుకదు. కొని మూడేండ్లయినను నిండని బ్యాటరీ చచ్చి పడియున్నది. మరమ్మతు చేయునతడు మీటరు పెట్టి చూచి, "అమ్మా, ఇది పనిచేసి పోలేదు, పస్తుండి పోయినది" అని చెప్పినాడు. వేల రూపాయల నష్టముకంటె ఆ మాటయే మమ్ము ఎక్కువగా బాధించినది.

విచారింపగా తప్పు మాదే. మెయిన్ కట్టివేయగానే ఇన్వర్టరు దానిని కరెంటు పోయినట్లుగా నెంచి బ్యాటరీనుండి శక్తిని తీయ నారంభించినది. ఇంట ఒక్క దీపమైనను వెలుగకున్నను, ఇన్వర్టరు మేలుకొని యుండుటకే సుమారు ఒక ఆంపియరు కరెంటు ఎడతెగక కావలయును. ఆ లెక్కను మా 150 ఆంపియర్-గంటల బ్యాటరీ వారము దినములలోనే ఖాళీయై, తక్కిన వారములన్నియు వేసవి వేడిలో నట్లే పడియున్నది.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యఱ్ఱగొండపాలెము ప్రాంతములలో ఇండ్లకు తాళములు పడుట అరుదు కాదు. వానలు తప్పిన యేట ఎన్నియో కుటుంబములు మిరపకోతలకు గుంటూరు వైపునకును, కట్టడపు పనులకు హైదరాబాదు, బెంగుళూరులకును పోవుచుండును. కావున ఇది మా యొక్క యింటి కథ మాత్రమే కాదని తలచి వ్రాయుచున్నాము.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టినాడు. సీసపు రేకులు, వానిచుట్టు గంధకామ్లము - దాని నిర్మాణ మింతియే. శక్తిని వాడుకొన్నపుడు రేకులపై సీస సల్ఫేటు అను తెల్లని పొర ఏర్పడును. వెంటనే చార్జి చేసినచో ఆ పొర విడిపోవును. వారముల తరబడి విడిచినచో గట్టిపడి, మరల విడివడదు. పాలు కాచిన గిన్నెను అప్పుడే తోమినచో ఒక్క తుడుపుతో శుభ్రమగును; మూడునాళ్లు ఎండనిచ్చినచో ఎంత గోకినను అడుగు వదలదు గదా! ఇదియు నట్టిదే.

ఇన్వర్టరును ఆపివేసినంతమాత్రమున భయము తీరిపోదు. ఎవరును తూము తీయకున్నను కంభము చెఱువునీరు ఎండకు తఱుగునట్లు, వాడకున్నను బ్యాటరీ తనంతట తాను తఱుగును. ఆ తఱుగు నెలకు సుమారు నూటికి 4, 5 వంతులు. వేడిలో నింకను హెచ్చు. ఈ కొంచెపు తఱుగును కొంచెముగా పూడ్చుటకే చిన్న సౌరపలక.

మన పెద్దలలో ఎందఱో మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దినవారే. ఆ బడిపలకకంటె కొంచెము పెద్దదియగు 10 వాట్ల సౌరపలక చాలును. మంచి ఎండలో అది అర ఆంపియరునకు పైగా కరెంటు నిచ్చును. దినమునకు ఐదుగంటల ఎండ యనుకొన్నను రెండున్నర ఆంపియర్-గంటలు చేరును. 150 ఆంపియర్-గంటల బ్యాటరీకి నెలనాటి తఱుగు 6, 7 మాత్రమే. అనగా మూడు దినముల ఎండ నెలనాళ్ల లోటును తీర్చును. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన సౌరఘటము ఎండలో నూటికి 6 వంతులనే విద్యుత్తుగా మార్చగలిగినది. నేటి మేలురకపు పలకలు 20 వంతులకు పైగా మార్చుచున్నవి.

అయితే ఒక్క మాట మఱువకుడు. ఈ చిన్నపలక ఇంటిని వెలిగింపదు. బ్యాటరీని బ్రతికించి యుంచును, అంతే. ఇన్వర్టరు మేలుకొనియుండినచో దాని దినఖర్చు పలక తెచ్చు రాబడికి ఎన్నోరెట్లు. ఊరు విడుచునపుడు మొదట ఇన్వర్టరును ఆపి, బ్యాటరీనుండి దాని తీగలను ఎలక్ట్రీషియనుచే తీయించుడు. పలకను మాత్రమే తగిలించియుంచుడు.

పలకను బ్యాటరీకి నేరుగా కలుపరాదు. 12 వోల్టుల పలక యని యమ్మునది ఎండలో 17, 18 వోల్టుల వఱకు నిచ్చును. నిండిన బ్యాటరీకి కావలసినది 13.5 మొదలు 13.8 వఱకే. హెచ్చైనచో లోపలి నీరు వాయువులుగా విడిపోయి తఱుగును. అందుచే నడుమ చార్జి కంట్రోలరు అను చిన్న పెట్టె యుండవలయును. రాత్రివేళ బ్యాటరీనుండి శక్తి పలకలోనికి మరలకుండ నాపునదియు నదియే. తగిలించునపుడు ముందు బ్యాటరీని, తరువాత పలకను. తీయునపుడు ముందు పలకను, తరువాత బ్యాటరీని. బ్యాటరీచెంత తీగకు ఫ్యూజు వేయించుడు. లిథియము బ్యాటరీ యైనచో దానికి తగిన కంట్రోలరే వాడవలెను.

మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా 15, 16 అంశలలో నున్నది. కాబట్టి పలకను దక్షిణముఖముగా, సుమారు 15 అంశల వాలుగా మేడపై నుంచుడు. వేపకొమ్మ నీడ ఒక మూల పడినను రాబడి చాల తగ్గును. దుమ్మును తెల్లవారుజామున, అద్దము చల్లగానున్నపుడు మెత్తని గుడ్డతో తుడువుడు. మన బోరునీరు తెల్లని మరకలు విడుచును గనుక తడి నిలువనీయకుడు.

బ్యాటరీలో పోయవలసినది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. మన నీటిలోని ఫ్లోరైడును గూర్చి మీకు తెలియనిది కాదు. అట్టి లవణములు మన యెముకలకెట్లో, బ్యాటరీ రేకులకును మంచివి కావు. తఱిగినది నీరే గనుక ఆమ్లము పోయరాదు. చార్జియగునపుడు మండెడి వాయువు వెలువడును. దేవుని దీపము, పొయ్యి దగ్గర నుండరాదు. గాలి యాడుచోట, పిల్లల చేతికందకుండ నుంచుడు. కొన్ని గంటలు విశ్రమించిన తరువాత మీటరు 12.6 చూపినచో కడుపు నిండినది, 12.2 చూపినచో సగమే యున్నది. 12నకు దిగినచో ఆ పూటయే చార్జి చేయింపుడు. చచ్చిన బ్యాటరీని ఇంట పగులగొట్టనీయకుడు. సీసపు ధూళి బిడ్డలకు విషము. 2022 నాటి నియమముల ప్రకారము పాతవానిని తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిది. మీరు అంగడివానికి అప్పగింపుడు.

ఇక ప్రాణముతో ముడిపడిన సంగతి. నల్లమల అంచున నున్న పొలములకు అడవిపందుల బెడద యెక్కువ. సౌరకంచె బ్యాటరీతో నడచుచు, సెకనునకొకసారి రెప్పపాటుకంటె తక్కువకాలము దెబ్బ కొట్టును. జంతువు బెదరును గాని చావదు. ఆ బ్యాటరీ చచ్చినచో కంచె వట్టి తీగ. పంట పోవుచుండగా చూడలేక కొందఱు కరెంటు తీగనే కంచెకు తగిలింతురు. అది నేరము, ఎన్నియో ఊళ్లలో పొరుగు రైతులు, కాపరులు, తుదకు తగిలించినవారును దానికి బలియైనారు. పొలముమీది బ్యాటరీ పురుషుల పనియని ఊరకుండకుడు. పది దినములకొకసారి మీటరు చూచితిరా యని యడుగుట మన పనియే.

నల్లమల లోపలి చెంచుగూడెములవంటి చోట్ల, తీగ చేరలేని ఇండ్లకు సౌరవిద్యుత్తు నిచ్చు ఏర్పాటు 2023లో ఆరంభమైన పి.ఎం. జన్‌మన్ పథకములో చేర్చబడినది. పలక ఇరువదియైదేండ్లు నిలుచును. బ్యాటరీ అందులో నాలుగవవంతు నిలుచుటయు కష్టమే. దానిని చూచుకొనుట తెలిసిన గృహిణి యున్న యింటనే దీపము నిలుచును.

మేము క్రొత్త బ్యాటరీ కొన్నాము. దానితోపాటు పలకను, కంట్రోలరును కొన్నాము. ఈ మారు అమ్మాయి యింటికి బయలుదేరునపుడు తులసికి నీరు పోయుమని పొరుగువారికి చెప్పుదుము. బ్యాటరీ సంగతి మేడమీది యెండ చూచుకొనును.